చింతపండుతో కడిగిన నాణేలు

ముప్పై రెండేళ్లు బస్సు కండక్టరుగా చేశాను. సూర్యాపేట నుంచి కోదాడ, కోదాడ నుంచి మిర్యాలగూడ, మళ్లీ సూర్యాపేట. ఆ దారిలో నా పేరు ఎవరికీ తెలియదు గానీ, ‘బిళ్లల కండక్టర్’ అంటే పెన్‌పహాడ్‌లో గొర్రెలు కాసే ముసలమ్మలకు కూడా తెలుసు. టికెట్టుకు ఇచ్చిన చిల్లరలో పాత నాణెం కనబడితే, అంతే డబ్బు నా జేబులోంచి సంచిలో వేసి, దాన్ని చొక్కా పైజేబులో పెట్టుకునేవాణ్ణి. ఆ జేబుకు గుండీ ఊడిపోకుండా మా ఆవిడ గట్టిగా కుట్టేది, నోటితో మాత్రం తిడుతూనే ఉండేది. “జీతం ఇంటికి తెస్తడు, పాణం డబ్బాల దాస్తడు” అని చుట్టాలందరికీ చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు.

రిటైరయ్యేనాటికి పన్నెండు చెక్క పెట్టెలు నిండాయి. నిజాం కాలంనాటి వెండి రూపాయల నుంచి నిన్నమొన్నటి పావలాల దాకా, ఒక్కో నాణేనికి ఒక్కో గుంట, గుంట కింద నా చేతిరాతతో చీటీ. గొప్పలు పోతున్నాననుకుంటే అనుకోండి, గొప్పలు పోవడానికే రాస్తున్నాను. అన్నింటిలోనూ నాకు ప్రాణం తొమ్మిదో పెట్టె. అందులో పావలాలు. నాణెం మీద సంవత్సరం కింద కందిగింజలో సగం కూడా లేని గుర్తు ఒకటి ఉంటుంది. డైమండ్ ఉంటే బొంబాయిలో తయారైనట్టు, నక్షత్రం ఉంటే మన హైదరాబాద్ టంకశాలలో తయారైనట్టు. ఏడాదికొకటి చొప్పున పై వరసలో హైదరాబాద్‌వి, కింది వరసలో బొంబాయివి పేర్చాను. పై వరసలో ఒకే ఒక్క గుంట ఖాళీ. ఆ ఏడాది నక్షత్రం పావలా కోసం నేను అడగని పాన్‌డబ్బా లేదు, వెతకని సంత లేదు.

నాకు గురువులాంటి ఆయన ఒకరు మిర్యాలగూడలో ఉండేవారు. రైసు మిల్లు ఆసామి. ఆయన దగ్గర శాతవాహనుల సీసపు నాణేలుండేవి, నిజాం బంగారు నాణేలుండేవి. టేకు బీరువా తెరిచి ఒక్కో అర తీసి చూపిస్తుంటే నేను డ్యూటీ సంగతి మరిచిపోయి బస్సు అందుకోలేకపోయిన రోజులున్నాయి. నాణెం మొహం మీద వేలు పెట్టకూడదనీ, అంచు పట్టుకోవాలనీ, ఎన్నడూ కడగకూడదనీ నాకు నేర్పింది ఆయనే. ఆయన పోయిన నెలకు పలకరించడానికి వెళ్లాను. బీరువా ఉంది, అందులో బట్టలున్నాయి. “బంగారం కరిగించి వడ్డాణం చేయించినం, వెండి తూకానికి ఇచ్చినం, సీసంవి పాత ఇనుప సామాన్లల్ల పోయినట్టున్నయి” అన్నాడు పెద్ద కొడుకు, చాయ్ తాగమని బలవంతం చేస్తూ. రెండు వేల ఏళ్లు భూమిలో పాడవకుండా ఉన్న నాణేలు కొడుకుల చేతిలో నెల రోజులు ఆగలేదు.

తిరుగు బస్సులో ఒకటే ఆలోచన. అప్పటికి మా ఆవిడ పోయి రెండేళ్లు. నా కొడుకు మంచివాడే, కానీ వాడికి నాణెమంటే ఫోన్‌లో మోగే పేమెంటు చప్పుడే. నేను పోయాక నా పన్నెండు పెట్టెలు కూడా తూకానికే వెళ్తాయి. అలా కానివ్వకూడదనుకున్నాను. హైదరాబాద్‌లో పాత నాణేలు కొనే వ్యాపారికి ఫోన్ చేశాను. విడగొట్టకుండా మొత్తం ఒక్కచోటే ఉంచేవాళ్లకు ఇప్పిస్తానన్నాడు. దీపావళి అయిన తెల్లవారి వస్తానన్నాడు.

దీపావళి పొద్దున్నే మార్కెట్‌కి వెళ్లి, దోస్తులతో ముచ్చట్లు పెట్టి మధ్యాహ్నం దాటాక బంతిపూలు తెచ్చేసరికి, హాల్లో చాప మీద నా పెట్టెలు తెరిచి ఉన్నాయి. పక్కన మా కోడలు, బకెట్టు, గిన్నెలో నానబెట్టిన చింతపండు. పన్నెండు పెట్టెలూ పెళ్లిపందిరిలా తళతళలాడుతున్నాయి. పూలసంచి చేతిలోంచి జారిపోయింది.

“ఎవలు కడగమన్నరు నిన్ను?” అని అరిచాను.

మా కోడలిది కోదాడ. కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ లేచి నిలబడింది. “లక్ష్మీపూజలో పెడదామని మామయ్యా. మా అమ్మ కూడా ఇలాగే చింతపండుతో కడిగి పెట్టేది. మీ నాణేలకంటే గొప్ప లక్ష్మి మనింట్లో ఏముందండీ?”

“గాడిద గుడ్డేం కాదూ! నాణేన్ని కడుగుతరా ఎవలన్న? మొహం మీద వేలు వెట్టొద్దు, అంచు పట్టుకోవాలె! ముప్పై రెండేళ్ల కష్టం బకెట్ల పోసినవు కదమ్మా!”

ఇంకా చాలా అన్నాను. రాయడానికి సిగ్గేస్తోంది. ఆ పిల్ల ఏడవలేదు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మెల్లగా అంది: “ఏ గుంటలోది ఆ గుంటలోనే పెట్టానండీ, చీటీలన్నీ చదివాను. తొమ్మిదో పెట్టెలో ఒక్కటి మాత్రం మార్చాను. మురికి పోయాక చూస్తే దాని కింద ఉంది డైమండ్ కాదు, నక్షత్రం. మీరు రాసుకున్న లెక్కన అది పై వరసలోది కదా, ఆ ఏడాది గుంట ఖాళీగా ఉందని అందులో పెట్టాను. తప్పైతే తీసేస్తాను.”

భూతద్దం తీసుకుని చూశాను. ఎప్పుడో ఎవరో టికెట్టుకిచ్చిన పావలా. జిడ్డు గడ్డకట్టి గుర్తు మూసుకుపోతే, బొంబాయిదని నేనే కింది వరసలో పడేశాను. ఇప్పుడు ఐదు కొనలూ స్పష్టంగా కనబడుతున్నాయి. నేను ఊళ్లన్నీ తిరిగి వెతికింది నా పెట్టెలోనే, నా చేతిరాత మీదే కూర్చుని ఉంది. అక్కడే చాప మీద కూర్చుని నా చీటీలు మళ్లీ చూశాను. నా చీటీలు నేను తప్ప ఇంకో మనిషి చదవడం అదే మొదటిసారి.

తెల్లవారి వ్యాపారి వచ్చాడు. రెండు పెట్టెలు చూసి మూత వేసేశాడు.

“కడిగి ఖరాబ్ చేసిండ్రు సార్. ఇగ వీటికి రేటు రాదు. ఎవలు చేసిండ్రీ పని?”

“నా కోడలు” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “రేటుతోని పనిలేదు. ఇవి అమ్ముతలేను.”

చాయ్ తాగించి, కొత్త బస్టాండు దాకా ఆటో ఎక్కించి పంపాను. వెళ్లేముందు అతనికి పావలా చూపించకుండా ఉండలేకపోయాను. కడిగినా కూడా అతని కళ్లు పెద్దవయ్యాయి.

గొప్ప గొప్ప నాణేలన్నీ చివరికి ఏమవుతాయో మిర్యాలగూడలో చూశాను. నావి ఏమవుతాయో ఇప్పుడు నాకు బెంగ లేదు. పోయిన దీపావళికి పూజలో కొత్త పది రూపాయల బిళ్లలే పెట్టింది మా కోడలు. పాతవాటిని పొడిగుడ్డ మీద పరిచి, పక్కనే భూతద్దం పెట్టుకుని చూస్తూ కూర్చుంది. చీటీలు ఇప్పుడు ఆమె రాతలో ఉన్నాయి, నా రాతకంటే గుండ్రంగా ఉన్నాయి. నేను పక్కన కూర్చుని, నక్షత్రం పావలా మీద ముద్దుగా వేలు పెట్టబోయాను.

“అంచు పట్టుకోండి మామయ్యా” అంది, తలెత్తకుండానే.

ముప్పై రెండేళ్లు బస్సులో అందరికీ చేతులు లోపల పెట్టుకోండని చెప్పినవాణ్ణి. బుద్ధిగా అంచు పట్టుకున్నాను.