నీతిబోధలో కూర్చున్న మావాడు

మా బడిలో శుక్రవారం చివరి పీరియడ్‌కు క్లాసు రెండుగా విడిపోతుంది. కతోలిక పిల్లలు లేచి ప్రార్థన గదిలోకి సత్యోపదేశానికి వస్తారు. మిగతావాళ్లు, అంటే క్లాసులో ముప్పాతిక మంది, ఉన్నచోటే ఉండి నీతిబోధ వింటారు. సత్యోపదేశం చెప్పేది నేను. వారమంతా లెక్కలు చెప్పి, శుక్రవారం సాయంత్రం దేవుణ్ణి చెప్పాలి. మఠంలో సిస్టర్లు తగ్గిపోయాక ఆ పని నా నెత్తిన పడింది. ఇష్టం లేక కాదు గానీ, ఆ వేళకు పిల్లలకూ నాకూ ఆవలింతలు తప్ప ఇంకేమీ రావు.

ఆ శుక్రవారం తొమ్మిదో తరగతి వాళ్లు వచ్చి కూర్చున్నారు. మా అబ్బాయి చోటు ఖాళీగా ఉంది. మంచినీళ్లకు పోయాడేమో అనుకుని పాఠం మొదలుపెట్టాను. ఎంతకీ రాడు. వెనక బెంచీ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ, "టీచర్, మీవాడు నీతిబోధల కూసున్నడు" అంది.

వెళ్లి కిటికీలోంచి చూశాను. తన దోస్తు పక్కన చేతులు కట్టుకుని, ఎన్నడూ లేనంత బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. కన్నతల్లి క్లాసు ఎగ్గొట్టి పక్క క్లాసులో నీతులు వింటున్నాడు! పాఠం చెప్పే సారు నన్ను చూసి కూడా చూడనట్టు బోర్డు వైపు తిరిగాడు. నా ఒళ్లు మండిపోయింది.

ఇంటికొచ్చి వంటింట్లో నిలదీశాను.

"ఏం రోగమొచ్చింది రా నీకు?"

"మొన్న అడిగిన గదమ్మా. నువ్వు జవాబు చెప్పలె."

అడిగిన మాట నిజమే. వాడి దోస్తు వాళ్లది గొర్లు కాసుకునే ఇల్లు. బడికి రాకముందు మంద వెంట ఓ చుట్టు తిరిగి వస్తాడు. అబద్ధం ఆడడు, డబ్బాలో ఏముంటే అది సగం మావాడికి పెడతాడు. "వానికి జ్ఞానస్నానం లేదు గద. రేపు దేవుడు వాన్ని వద్దంటడా?" అన్నాడు మావాడు. అనడు, దేవుడు మంచి మనసును చూస్తాడు అని చెప్పాను. పుస్తకంలోనూ అలాగే ఉంది. "మరి గట్లయితె నాకెందుకు గివన్ని?" అన్నాడు. బోర్డు మీద ఎంతటి సిద్ధాంతమైనా నిరూపించేదాన్ని, "ముందు అన్నం తిను" అని తప్పించుకున్నాను.

వేరే ఏడాదైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. ఆ ఏడాది మా విచారణకు, అంటే మా గుడి కిందున్న ఊళ్లకు, బిషప్‌గారు వస్తున్నారు, పిల్లలకు భద్రమైన అభ్యంగనం అనే సంస్కారం ఇవ్వడానికి. పసిగుడ్డుగా ఉన్నప్పుడు జ్ఞానస్నానంలో పెద్దలు ఇచ్చిన మాటను, ఎదిగిన బిడ్డ తన నోటితో తానే చెప్పాలి. నమ్ముతున్నానని గుడి నిండా జనం ముందు అనాలి. అప్పుడు బిషప్‌గారు నుదుట తైలం పూస్తారు. ఊరి పిల్లలందరినీ తయారుచేసే టీచరు కొడుకే ఆ వరుసలో లేకపోతే నేను ఏ మొహం పెట్టుకుని గుడికి పోవాలి?

మొహం సంగతి కూడా పక్కన పెట్టండి. మా బాపు ఒకరింట్లో పశువుల దగ్గర జీతం ఉన్న మనిషి. ఆయన్ను ఎవరూ కుర్చీలో కూర్చోమనని రోజుల్లో, ఈ గుడిలో చాప మీద అందరితో సమంగా మోకరించాడు. ఈ సిస్టర్లే నన్ను చదివించారు. వాళ్లు లేకపోతే నేను ఇవాళ పత్తి ఏరుతుండేదాన్ని. నాకు నమ్మకం అంటే ఆలోచించి తేల్చుకునే విషయం కాదు, తిన్న అన్నం. రాష్ట్రం వచ్చిన ఏడు మావాణ్ణి అదే బడిలో వేశాం. అన్నీ అమరిన వాడికి ఇప్పుడు అనుమానాలు వచ్చాయి.

ఫాదర్‌కు చెప్పుకున్నాను. "ప్రార్థన చెయ్యమ్మా" అన్నారు. ఆ మాట నేను కూడా చెప్పగలను. పెద్ద సిస్టర్‌కు చెప్పుకుంటే, కళ్లజోడు సర్దుకుని, "ఇంట్లో వాతావరణం ఎలా ఉంది టీచర్?" అని అడిగింది. మా ఇంట్లో వాతావరణం అంటే నేనే. సాయంత్రం జపమాల చెప్పించేది నేను, ఆదివారం పూజకు అందరినీ లేపేది నేను. మా ఆయన బస్సు కండక్టరు. డ్యూటీ దిగి వచ్చి అంతా విని, "పోరడే గద, వదిలెయ్యరాదు. వానికే వస్తది" అన్నాడు. ప్రసంగం మొదలవగానే కునుకు తీసే మనిషి నాకు విశ్వాసం గురించి చెప్పడం!

అన్ని రకాలుగా చెప్పి చూశాను. బతిమాలాను, భయపెట్టాను, ఫోన్ లాక్కున్నాను. ఆఖరికి ఒక ఆదివారం పూజ నుంచి వచ్చాక, "ఊకె వరుసల నిలవడు రా. అందరు అన్నట్టె అను. నీ ఒక్కన్నే పట్టుకొని అడుగుతరా ఏంది?" అన్నాను.

"అంటె అబద్ధం చెప్పమంటున్నవా?"

"అబద్ధం గాదు. నమ్మకం మెల్లగ వస్తది."

"మరి వచ్చినంకనే నిలవడ్త."

కోపంలో ఏదో అనబోయాను గానీ ఏడుపు వచ్చింది. బాపు బతికి ఉంటే ఇది చూసి ఎంత కుమిలిపోయేవాడో అనిపించి గుమ్మంలోనే కూలబడ్డాను. నాటకం కాదు. కానీ ఏ నాటకమూ అంత బాగా పనిచేయదు. వాడు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"సరె, నిలవడ్త. నువ్వైతె ఏడువకు" అన్నాడు.

తర్వాతి శుక్రవారం నుంచి క్లాసుకు వచ్చాడు. ప్రశ్నలు, జవాబులు అందరికంటే ముందు అప్పజెప్పాడు. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది నాకు.

బిషప్‌గారు వచ్చిన రోజు డప్పులు, పూలదండలు, గుడి బయట దాకా షామియానా. మావాడు తెల్ల చొక్కా వేసుకుని మొదటి వరుసలో నిలబడ్డాడు. ప్రసంగం మధ్యలో బిషప్‌గారు మైకు పట్టుకుని పిల్లల దగ్గరికి దిగారు. "ఈ సంస్కారం ఎందుకు తీసుకుంటున్నారు? ఎవరు చెబుతారు?" అన్నారు. పవిత్రాత్మ వరాలు పొందడానికి అని నేను నెలల తరబడి వల్లె వేయించిన జవాబే. పిల్లలందరూ తలలు వంచుకున్నారు. మైకు వచ్చి మావాడి నోటి ముందు ఆగింది. హమ్మయ్య అనుకున్నాను, వాడికైతే నిద్రలో లేపి అడిగినా వస్తుంది.

వాడు తల తిప్పి నా కోసం వెతికాడు.

"మా అమ్మ కోసం ఫాదర్" అన్నాడు.

గుడంతా నవ్వింది, చప్పట్లు కొట్టింది. బిషప్‌గారు కూడా నవ్వి, వాడి భుజం తట్టి, తల్లి మాట వినే బిడ్డను దేవుడు ఎలా దీవిస్తాడో చాలాసేపు చెప్పారు. పక్కనున్న ఆమె నా చెయ్యి నొక్కి, "పుణ్యం చేసుకున్నవ్ టీచరమ్మా" అంది. నేనూ నవ్వాను. మరేం చేయను? వాడు తమాషాకు అనలేదని అక్కడ నా ఒక్కదానికే తెలుసు. తర్వాత "విశ్వసిస్తున్నారా?" అని అడిగినప్పుడు పిల్లలందరూ ఒక్క గొంతుతో అన్నారు. వాడి పెదవులు కదిలాయి. గొంతు నాకు వినిపించలేదు.

ఇప్పుడు పదో తరగతి. ఏ ఆదివారమూ పూజ తప్పడు. జపమాల తప్పు లేకుండా చెబుతాడు. "చూశావా అమ్మా, నీ ప్రార్థన ఫలించింది" అంటారు ఫాదర్. నాకు అరవాలనిపిస్తుంది. ఇంట్లో చిన్నప్పటి నుంచీ నోరు మూయకుండా వాదించిన పిల్లవాడు, ఏం చెప్పినా "సరె అమ్మా" అంటుంటే ఎలా ఉంటుందో ఆయనకేం తెలుసు? కావాలని తప్పు తప్పుగా మాట్లాడి చూశాను. దిద్దడం కూడా మానేశాడు.

పోయిన వారం బడి నుంచి వస్తుంటే చిట్యాల దగ్గర పత్తి లారీల వెనక మా స్కూటీ ఆగిపోయింది. లారీలు ఎంతకీ కదలవు. వెనక కూర్చున్న వాడితో, "ఏమన్న అడుగు రా. మస్తు అడుగుతుంటివి గద" అన్నాను.

"ఏం లేదమ్మా. నువ్వు చెప్పినయన్ని మంచిగనే ఉన్నయ్."