పెళ్ళి బస్సులో పడిన బోల్టు

ఆ రోజుల్లో, అంటే నాకు ఇరవయ్యేళ్ళప్పుడు, విప్పడం వచ్చినవాడికి బిగించడం కూడా వచ్చేసినట్టేనని గట్టిగా నమ్మేవాణ్ణి. ఐటీఐలో డీజిల్ మెకానిక్ సర్టిఫికెట్ తెచ్చుకుని, ఆత్మకూరులో ఒక బస్సుల షెడ్డులో చేరి నాలుగు నెలలైంది. (ఆ సర్టిఫికెట్‌కి మా అమ్మ ఫ్రేము కట్టించి గోడకు తగిలించింది. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళకన్నా ముందు దాన్నే చూపించేది.) షెడ్డులో పెద్ద మెకానిక్కుని అందరం భాయ్ అని పిలిచేవాళ్ళం. ఒకరోజు ఉదయగిరి నుంచి పెళ్ళికూతురి వాళ్ళను ఆత్మకూరు చర్చికి తీసుకురావడానికి ఒక బస్సు మాట్లాడుకున్నారు. ఆ బస్సు ఇంజను పైమూత దగ్గర ఆయిలు కారుతోంది. భాయ్ నన్ను తోడు పంపిస్తూ, "ఆయిలు తగ్గితే పోసుకుంటా రా. అంతే. ఏమీ విప్పబాకు, చెప్తుండా" అన్నాడు. నేను బుద్ధిమంతుడిలా తలూపాను.

ఉదయగిరిలో పెళ్ళికూతురు తయారు కావడానికి ఇంకా అరగంట పడుతుందన్నారు. బస్సులో ఇంజను డ్రైవరు సీటు పక్కనే ఉంటుంది కదా, దాని మీది బానెట్టు ఎత్తితే ముందు సీట్ల వాళ్ళకు లోపలంతా కనిపిస్తుంది. ఆ సీట్లలో కొత్త చీరలు, సెంటు వాసన, నన్నే చూస్తున్న ఇరవై కళ్ళు. ఇక నా చెయ్యి ఆగలేదు. "అన్నా, ఆయిలు కారకుండా మూత కింద ప్యాకింగు మార్చేస్తా, పది నిమిషాలు" అన్నాను. డ్రైవరన్న, "భాయ్ వద్దన్నాడు గదరా?" అంటూనే ఉన్నాడు, నేను బోల్టులు విప్పి మూత ఎత్తేశాను. కొత్త ప్యాకింగు వేసి మూత సరిచేస్తుంటే, ఆయిలు చేతిలోంచి ఒక బోల్టు జారింది. వాల్వుల పక్కనున్న సందులోకి దూకి, టంగుమని ఒకసారి, టిక్కుమని ఇంకోసారి మోగి మాయమైంది.

నేను ఏమీ జరగనట్టు ఈల వేశాను. ముందు సీట్లో కూర్చున్న పెళ్ళికూతురి అవ్వ మాత్రం మెడ చాచింది.

"ఏందబ్బయా, లోపల టంగుమనిందే?"

"ఏం లేదవ్వా."

"ఏం లేకపోతే ఈ చెమటలేంది?"

డ్రైవరన్నకు చెప్పక తప్పలేదు. అది లోపల ఉండగా తిప్పితే ఇంజను పగిలిపోవచ్చని నాకన్నా ఆయనకే బాగా తెలుసు. తల పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. అక్కడ చర్చిలో పాస్టరు గారు, పెళ్ళికొడుకు, వచ్చిన జనం ఎదురుచూస్తూ ఉంటారు. ఇక్కడ నేను, బోల్టు అంటుకుని వస్తుందని, కడ్డీకి గ్రీజు పూసి లోపలికి దించుతున్నాను. గ్రీజు లోపలే ఉండిపోయింది, కడ్డీ ఒక్కటే బయటికి వచ్చింది. చివరికి డ్రైవరన్న, గుండె కోసి ఇచ్చినట్టు, బస్సులోని పాత స్పీకరు పీకి ఇచ్చాడు. దాని అయస్కాంతాన్ని సుత్తితో పగలగొట్టి, ఒక పలుకు తీగకు కట్టి దించాను. అది బోల్టును వదిలేసి పక్క గోడలకు అతుక్కుంటోంది, ఇనుమే కదా అంతా.

"బావిలో పడిన బొక్కెనలు ఎన్ని తీయలేదు నేను!" అంటూ అవ్వ లేచి వచ్చింది. తన చేతిగుడ్డ చించి ఇచ్చింది. "ఆ అయస్కాంతం చుట్టూ చుట్టు. కొస ఒక్కటే బయటుండాల. చూడకుండా కెలికితే ఏం దొరుకుతాదిరా?" పెళ్ళికూతురి అలంకరణ పెట్టెలోంచి అద్దం తెప్పించి, కిటికీలోంచి పడే ఎండను లోపలికి మళ్ళించింది. "ఎడంగా పోనీ... ఇంకా కిందికి... ఆఁ, అతుక్కునింది! మెల్లగా లాగు!"

బోల్టు పైకి వచ్చింది. బస్సంతా చప్పట్లు. ఎవరో "స్తోత్రం!" అన్నారు. డ్రైవరన్న ఎగిరి సీట్లో కూర్చున్నాడు. నేను మాత్రం దాన్ని అరచేతిలో పెట్టి తిప్పి చూశాను. నల్లగా, మడ్డి పట్టి, నాదానికన్నా పొట్టిగా ఉంది. అది నా బోల్టు కాదు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. జేబులో ఇంకో బోల్టు ఉంది, అది బిగించి వెళ్ళిపోవచ్చు. ఆ మాట ఒక్క క్షణం మనసులోకి వచ్చిందని ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకు సిగ్గు లేదు. అప్పుడు డ్రైవరన్న చెయ్యి తాళం వైపు వెళ్ళింది.

"అన్నా, స్టార్టు చెయ్యొద్దు! ఇది నేను పడేసింది కాదు. నాది ఇంకా లోపలే ఉండాది!"

చప్పట్లు టక్కున ఆగిపోయాయి. డ్రైవరన్న మెల్లగా నా వైపు తిరిగి, "ఒకటి పడేసి రెండు తీసే మెకానిక్కుని నా సర్వీసులో చూడలేదురా" అన్నాడు. అవ్వ పడీపడీ నవ్వింది. ఈలోగా పెళ్ళికూతురు తెల్లచీరలో వచ్చేసింది. వాళ్ళమ్మ "చీరకి మసి అంటుద్ది!" అని అరుస్తున్నా, "అవ్వ చెయ్యి నొప్పెడతాదిలే" అంటూ తనే అద్దం పట్టుకుంది. పావుగంటలో నా బోల్టు కూడా బయటికి వచ్చింది. రెండింటినీ జేబులో వేసుకుని, జేబులోని ఇంకో బోల్టుతో మూత బిగించాను.

చర్చికి గంటన్నర ఆలస్యంగా చేరాం. (పాస్టరు గారు అప్పటికి జనం చేత పాటల పుస్తకంలో సగం పాడించేశారట.) ఫోనులో విషయం తెలిసి భాయ్ చర్చి గేటు దగ్గరే కాచుకుని ఉన్నాడు. "విప్పబాకని చెప్పినానా లేదా?" అని మొదలుపెట్టాడు. నేను తల వంచుకుని రెండు బోల్టులూ చూపించాను. నల్లదాన్ని చూడగానే చెయ్యి చాచాడు. దాన్ని తీసుకుని, లుంగీ అంచుతో తుడిచి, వెలుతురులో పెట్టి చూశాడు.

"పోయిన ఎండాకాలం పడినాది," అన్నాడు గొంతు తగ్గించి. "రెండు రోజులు వెతికినా బేటా. బయటే పడుంటుందిలే అనుకుని మూసేసినా. ఏ మూల మడ్డిలో ఇరుక్కునిందో, ఇన్నాళ్ళూ ఇంజను బతికింది. ఆ బస్సు ఘాట్ రోడ్డెక్కుతుంటే నాకు నిద్ర పట్టేది కాదు."

భాయ్ చేతిలోంచి కూడా బోల్టు జారుతుందా! నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆయన దాన్ని జేబులో వేసుకుని, "ఇది నాదని డ్రైవరుకు చెప్పినావా?" అన్నాడు.

"నాకే తెలీదు గదా భాయ్."

"మంచిది. పా, బిర్యానీ తిందాం."

ఆ పూట ఆయన నన్ను పక్కనే కూర్చోబెట్టుకుని, తన ఆకులోని పెద్ద ముక్క నా ఆకులో వేశాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు నాకు సొంత షెడ్డు ఉంది, కళ్ళజోడు వచ్చింది, వేళ్ళకు మునుపటి పట్టు లేదు. బోల్టులు అప్పటికన్నా ఎక్కువే జారుతున్నాయి. కాకపోతే ఇప్పుడు ఈల వెయ్యను. "పడిందిరోయ్!" అని రోడ్డు దాకా వినబడేటట్టు అరుస్తాను. ఆ ఇరవయ్యేళ్ళ కుర్రాడు వింటే నా పరువు తీశావని నా మీదికి కొట్లాటకు వచ్చేవాడు, పాపం.