ఒకటో నంబర్ టోకెన్

నయాపూల్‌లో బట్టల దుకాణాల మీద, రెండో అంతస్తులో మా ఆఫీసు. ఒక చిన్న దవాఖాన కోసం టోకెన్ల సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నాం. అది ఇంకా బయటికి పోలేదు కాబట్టి అందులోని రోగులంతా మేం కల్పించినవాళ్ళే. వాళ్ళ వివరాలుండే పట్టికల్లో, అంటే మా భాషలో టేబుళ్ళలో, కొత్త గడి ఒకటి కలపాల్సి వస్తే మేం అతుకులు వేయం. మొత్తం కూల్చేసి మళ్ళీ కడతాం. ఒక్క కమాండ్ చాలు. టేబుళ్ళు పోతాయి, ఖాళీగా తిరిగొస్తాయి, నేను రాసిపెట్టిన ఫైలులోంచి రోగులు మళ్ళీ వచ్చి కూర్చుంటారు. అంతా సరిగ్గా ఉందో లేదో చూడటానికి చివర్లో మొదటి రోగి ఫోన్‌కు ఒక మెసేజ్ వెళ్తుంది.

ఆ మొదటి రోగిగా మా బాపును పెట్టాను. పేరు, వయసు, నంబరు అన్నీ నిజమైనవే. దొంగ నంబరు పెడితే మెసేజ్ చేరిందని ఎవరు చెప్తారు?

మొదటిరోజే బాపు ఫోన్ చేశాడు.

"ఏంది బిడ్డా, నాకు టోకెన్ ఇచ్చిన్రు? మంచిగనే ఉన్న కదా!"

సంగతి చెప్పాను. బస్ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఆ రోజు నుంచి ఆయనకు అదే కాలక్షేపం. సాయంత్రం యాకుత్‌పురాలో నేను ఇంటి గడప తొక్కగానే మొదలుపెట్టేవాడు.

"ఇయ్యాల నాలుగుసార్లు సంపి లేపినవ్ నన్ను. డిపోల మేము గిట్ల ఇంజను దినాం ఇప్పి బిగిస్తే ఇంటికి పంపుతుండిరి."

"నీకు సమజ్ కాదు తియ్యి బాపూ," అనేదాన్ని, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే.

ఒక తెల్లవారుజామున ఆయన గుండె ఆగింది. నిజం దవాఖానలో టోకెన్ తీసుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు.

దినాలయ్యాక ఆఫీసుకు పోయాను. నేను లేని రోజుల్లో ఆగిన పని ఆ పొద్దుటే మళ్ళీ మొదలైంది. మధ్యాహ్నం చేతిలో ఫోన్ మోగింది. తెర మీద బాపు పేరు. ఎత్తి చెవికి ఆనించాను. చుట్టాలు ఇంకా ఆ నంబరుకే చేస్తున్నారని అమ్మ ఆ ఫోన్‌ను చార్జింగ్ పెట్టి ఉంచింది. మాట్లాడింది అమ్మే.

"పొద్దటి సంది నీ మెసేజులొస్తున్నయ్ బిడ్డా. ఆపరాదు."

లేచి ఎదురు బల్లవైపు తిరిగి అరిచాను. "ఎవర్నడిగి కమాండ్ నడిపినవ్ అన్నా?"

నాతో పనిచేసే అన్న బిత్తరపోయాడు. "ఎవర్నడగాలె చెల్లె? రోజు నడిపేదే కదా. ఫైల్ నువ్వు రాసిందే." అంతలోనే అతనికి తట్టింది. గొంతు తగ్గింది. "మాఫ్ చెయ్యి. యాదికి రాలే. ఆ పేరు తీసేస్తా."

"ఆయన పేరు మీద చెయ్యి పెడ్తె మంచిగుండదు!"

ఆఫీసంతా ఇటు చూసింది. కోపం అతని మీదో, ఆ ఫైలు మీదో నాకే తెలియలేదు.

ఇంటికి పోయేసరికి అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. బాపు ఫోన్ టీవీ పక్కన ఉంది.

"మోగంగనే లేస్తున్న," అంది, తల ఎత్తకుండానే. "ఆయనకిద్దామని చేతిల పట్టుకొని ఆయన పండే అర్ర దాక పోతున్న. గా పోవుడే నాతోని అయితలేదు."

"పేరు తీసెయ్యాల్నా అమ్మా?"

"పేరు నీ కాడ ఉంటే నాకేంది? గీ ఇంట్ల మోగకుంట చెయ్యి."

మర్నాడు ఫైలు తెరిచాను. బాపు పేరు, వయసు అలాగే ఉంచి, నంబరు ఒక్కటి చెరిపి నాది పెట్టాను. కమాండ్ నడిపాను. టేబుళ్ళు పోయాయి, వచ్చాయి. చేతిలో ఫోన్ అదిరింది. బాపు పేరు, దాని కింద ఒకటో నంబర్ టోకెన్, రేపు ఉదయం పది గంటలకు రమ్మని.

ఎదురు బల్ల నుంచి అన్న మెల్లగా అడిగాడు. "చేరిందా చెల్లె?"

"చేరింది."

ఆ రోజు ఇంకో రెండుసార్లు నడపాల్సి వచ్చింది. సాయంత్రం గడప తొక్కితే, ఎన్నిసార్లో లెక్క చెప్పేవాళ్ళు లేరు.