మోగితే మంచిగున్నట్టు

మా ఈదమ్మకు ఒంటరిగా పనిచేయడమంటే ఏమిటో యాభై దాటాకే తెలిసింది. అంతకు ముందు ఏ పని చేసినా పదిమందిలోనే చేసింది. ఆముదం చేలో కలుపు తీసినా, ముఠాతో వలసపోయి పుణేలో ఇటుకలు మోసినా, పక్కన ఎవరో ఒకరు పాడుతూనో తిడుతూనో ఉండేవారు. కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆమె కూర్చునేలోపే ఇంకొకరు పిన్నీసు తీసేవారు.

కల్వకుర్తి అవతల మా ఊరి దిన్నెల మీద సోలార్ ప్లాంటు వచ్చాక ఆమె వలస మానేసింది. ఒకప్పుడు కూలికి పోయిన చేలోనే ఇప్పుడు సోలార్ పలకల కింద గడ్డి కోసే ఉద్యోగం. కూలి అనను, ఉద్యోగమే అంటాను. మెడలో కార్డు, నెత్తి మీద పసుపు టోపీ ఉన్నాయి మరి. ఆ టోపీతో ఆమె వీధిలో నడుస్తుంటే హసీనా చాయ్ హోటల్ ముందు కూర్చున్న మేమంతా "కలెక్టరమ్మ పోతాంది" అనేవాళ్లం. ఈదమ్మ నవ్వేది కాదు, టోపీ సర్దుకునేది.

టోపీ ఇచ్చిన కంపెనీ బూట్లు ఇవ్వడం మరిచింది. పైనుంచి ఏం పడుతుందనుకున్నారో నాకైతే తెలియదు. ఆ చేలో నెత్తి మీద ఆకాశం తప్ప ఏమీ లేదు. ఉన్నవన్నీ కాళ్ల దగ్గరే.

అంత జాగాకూ పగలంతా ఆమె ఒక్కతే. గేటుకు లోపలి నుంచి తాళం వేసుకుని పనిచేయాలి. సూపర్‌వైజరు కమలాకర్ జడ్చర్లలో ఉంటూ ఇలాంటి ప్లాంట్లు ఇంకొన్ని చూసుకుంటాడు. చెడ్డవాడేం కాదు. ఒంటరి ఆడమనిషిని అలా వదిలేస్తున్నామన్న బెంగ అతనికీ ఉండేది. కంపెనీ వాళ్ల చిన్న ఫోను ఆమె చేతిలో పెట్టి ఒక ఉపాయం చెప్పాడు.

"గంటకోసారి నాకు మిస్డ్ కాల్ ఇయ్యి ఈదమ్మా. నేను లేపను, కట్ చేస్త. మోగితే నువ్వు మంచిగున్నట్టు. మోగలేదనుకో, నేనే చేస్త."

మనకు ఇది కొత్త భాష కాదు. బస్సు దిగితే ఒక మిస్డ్ కాల్, ఇల్లు చేరితే ఒకటి. ఫోను మాటలు చవకై ఎన్నేళ్లయినా ఆ అలవాటు పోలేదు. ఈదమ్మ ఫోను ఆ ఒక్క నంబరుకు తప్ప ఇంకెక్కడికీ పోకుండా కంపెనీ కట్టడి చేసింది. పని వదిలి ముచ్చట్లు పెడుతుందని వాళ్ల భయం. ఇంట్లో ఉన్న ఇంకో ఫోనేమో కొడుకు పనికి పోతూ తీసుకుపోతాడు.

శ్రావణంలో వానలు పడి గడ్డి మోకాలెత్తు పెరిగింది. కొడవలి పట్టుకుని వంగిన ఈదమ్మను చీలమండ మీద రక్తపింజర కరిచింది. పామును ఆమె కళ్లారా చూసింది. అక్కడే చతికిలబడి కమలాకర్‌కు ఫోన్ చేసింది. మోగింది, కట్ అయింది. మళ్లీ చేసింది. మళ్లీ కట్ అయింది. ఏడుస్తూ ఇంకోసారి చేసినా అంతే.

అవతల కమలాకర్ మీటింగులో ఉన్నాడు. "ఇయ్యాల ఈదమ్మకు భక్తి ఎక్కువైంది" అనుకున్నాడట. ఈ మాట తర్వాత అతనే మాకు చెప్పి తల దించుకున్నాడు. అతని లెక్కలో ఆమె ఎంత మోగిస్తే అంత క్షేమం.

ఇక మోగించకుండా ఊరుకుంటే అతనే చేస్తాడు, కానీ అందుకు గంట గడవాలి. పాము కరిచిన కాలితో నడిస్తే విషం ఎక్కుతుంది. అరిస్తే వినే మనిషి లేడు. అప్పుడు ఆమెకు పక్కనే ఉన్న మిషన్ల గది కనిపించింది. పలకల కరెంటంతా చేరేది అక్కడికే. గోడకు పెద్ద ఎర్ర బటన్ ఉంది. "దీన్ని ముట్టకు, ప్లాంటంతా బందయితది, హైదరాబాద్ నుంచి నాకు తిట్లు పడతయ్" అని ఆమె పనిలో చేరిన రోజే కమలాకర్ చెప్పాడు.

ఈదమ్మ దేకుతూ ఆ గదిలోకి పోయింది. బటన్ మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది.

"గంత నొప్పిల గూడ, నౌకరి పోతదేమోనని చెయ్యి ఆడలే తమ్మీ" అని నాతో చెప్పింది. ప్రాణం పోయే వేళ కూడా ఆ మనిషి మళ్లీ వలస పోవాల్సొస్తుందని భయపడింది. అది విన్నప్పుడు వచ్చిన కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

చివరికి నొక్కింది. మిషన్ల రొద ఆగిపోయింది. కాసేపటికే ఫోను మోగింది.

"ఈదమ్మా, కరెంటెందుకు బందయింది?"

"నేనే బంద్ చేసిన సారూ. నన్ను పాము కరిచింది."

కమలాకర్ కాలుకాలిన పిల్లిలా అందరికీ ఫోన్లు చేశాడు. రోజూ ఆమెను ఆటోలో దింపే మా జాఫర్‌కు కబురందింది. అతను రాయితో గేటు తాళం పగలగొట్టి, ఆమెను ఎత్తుకుని ఆటోలో వేసి కల్వకుర్తి దవాఖానకు తీసుకుపోయాడు. "అక్కా, కండ్లు మూయకు, నన్ను తిట్టు, ఏదో ఒకటి మాట్లాడు" అంటూనే ఉన్నాడట దారి పొడుగునా. సూది మందు వేళకు పడింది. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు, కాలు మాత్రం నల్లబడి ఇప్పటికీ కొంచెం ఈడుస్తుంది.

దవాఖానలో కమలాకర్ మంచం పక్కన నిలబడితే ఆమె కోపం లేకుండానే అంది. "నేను మోగితె రాలే గద సారూ. కరెంటు ఆగితె వచ్చిండ్రు."

ఆమె అన్నది నిజమే. కరెంటు ఆగితే కంపెనీలో ఎవరికో క్షణంలో తెలుస్తుంది. మనిషి ఆగితే తెలిసే ఏర్పాటు ఎవరూ చేయలేదు, చేసిన ఒక్క ఏర్పాటూ తలకిందులుగా ఉంది.

ఈదమ్మ మళ్లీ పనిలో చేరింది. బూట్లు వచ్చాయి. తోడుగా ఇంకో మనిషిని ఇవ్వమని కమలాకర్ కంపెనీని అడుగుతూనే ఉన్నాడు, ఇంకా ఇవ్వలేదు. అతను మాత్రం ఇప్పుడు ఫోను కట్ చేయడు. మీటింగులో ఉన్నా, బండి మీద ఉన్నా ఎత్తుతాడు.

మొన్న హోటల్ దగ్గర అడిగాను. "గంట గంటకు గంతగనం ఏం మాట్లాడుతవు ఈదమ్మా?"

"ఏముంటది తమ్మీ. 'ఉన్న సారూ' అంట. ఆయన 'సరే, ఉండు' అంటడు."