రోజూ కొత్తగా పుట్టే రాజేశం

పొద్దున్నే వాకిట్లో పేడనీళ్ల సాన్పు చల్లితే తడిమట్టి వాసన లేస్తుంది. ఆ వాసనలో నాకు, ఒకప్పుడు నేను పనిచేసిన కంప్యూటర్ ఆఫీసులోని సునీత మేడం గొంతు వినిపిస్తుంది. సాన్పుకూ కంప్యూటర్లకూ ఏం సంబంధమని నవ్వకండి. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా చెల్లెలి బిడ్డ రాస్తోంది.

మందమర్రి బొగ్గుబాయిలో పనిచేసే నా భర్త జ్వరమొచ్చి పోయాడు. పిల్లల్లేరు. ఆ తర్వాత ప్రతి పొద్దూ నాకు ఆయన పోయిన రోజులాగే తెల్లవారేది. అలాంటప్పుడు కరీంనగర్ వచ్చి ఒక కంప్యూటర్ ఆఫీసులో ఊడ్చే పనికి కుదిరాను. అక్కడ సునీత మేడం పెద్ద. అక్కడివాళ్లు రేషన్ కార్డుల ప్రోగ్రాం రాస్తూ, అందులో ప్రతి ముక్కనూ విడిగా పరీక్షించేవారు. అందుకు కంప్యూటర్లో ఎక్కించడానికి ఉత్తుత్తి మనుషులు కావాలి. అసలు మనుషుల వివరాలు మేడం ముట్టుకోనిచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం చాయ్ ఇస్తుంటే అడిగింది. "లచ్చక్కా, ఒక మొగమనిషి పేరు చెప్పు. మావోళ్లు పేరుకు బదులు ఏబీసీలు పెడుతున్నరు, మనిషి లెక్కనే అనిపిస్తలేదు."

నోటిదాకా వచ్చింది ఒక్కటే పేరు. మా వైపు భార్య మొగుని పేరు పలకదు. బతికున్నన్నాళ్లూ "ఇగో, ఇనవడ్తుందా" అనే పిలిచాను.

"రాజేశం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"మీ ఆయననా?" అంది మేడం మెల్లగా. తలూపాను. "పేరు ఒక్కటే తీసుకుంట అక్కా. కడమదంత ఉత్తదే."

వయసు, ఊరు, ఇల్లు, భార్య, అన్నీ సక్రమంగా ఉన్న రాజేశాన్ని కంప్యూటర్లో తయారు చేసింది. "ఏ పరీక్షకైనా గీ మనిషినే తీస్తం. ఒక్కటే మారుస్తం, కడమయన్ని గట్లనే ఉంటయి. అప్పుడే తప్పు యాడున్నదో ఎరుకైతది" అని చెప్పింది. ఒకసారి వయసు ఉండేది కాదు ఆయనకు, ఒకసారి ఇల్లు ఉండేది కాదు. నేను ఊడుస్తుంటే ఆయన ఆ బల్లల మధ్య ఎక్కడో తిరుగుతున్నట్టే ఉండేది, బొగ్గుమసి అంటని తెల్లచొక్కాతో.

ఒకరోజు అక్కడ పనిచేసే అమ్మాయి అంది: "మేడం, మనిషి సచ్చిపోతే కార్డుల నుంచి పేరు పోతుందో లేదో చూడాలె. రాజేశాన్ని సంపుతున్న."

చీపురు జారిపోయింది. "మల్లనా?" అన్నాను.

మేడం లేచి వచ్చింది. "వద్దంటే పేరు తీసేస్త అక్కా. నీ ఇష్టం."

తీసేయమందామనుకున్నాను. కానీ తీస్తే ఆయన పేరు ఇక ఏ నోటా రాదు. "సూసినంక ఏంజేస్తరు?" అని అడిగాను.

"మొత్తం తుడిచేస్తం. ఎన్కటిది మిగిలితే ముంగటి పరీక్ష ఖరాబైతది. ఎంబడే మల్ల కొత్తగ పుడుతడు, సచ్చింది ఎరుకనే లేకుండ."

"గట్లయితే ఉండనియ్యి. జర నొప్పి లేకుండ సంపుమను."

మేడం నవ్వబోయింది, నవ్వలేకపోయింది.

ఇప్పుడు మేడం ఎక్కడుందో తెలియదు. నేను మాత్రం నిన్నటి ముగ్గు మీద ముగ్గు వేయను. ఊడ్చి, సాన్పు చల్లి, నేల ఆరేలోపు "రాజేశం" అని ఒకసారి పిలుస్తాను. ఆయన పోయిన సంగతి అప్పటికింకా ఆయనకు తెలియదు.