దున్నదూడ వాటా

అత్తగారింట్లో పాలు పితకడం మొదటిసారి చూసిన రోజు, బర్రె ముందు నిలబెట్టి ఉన్నది దూడ కాదని తెలుసుకోవడానికి నాకు కాసేపు పట్టింది. అది దూడ తోలు. లోపల వరిగడ్డి కుక్కి, నాలుగు కట్టెలు కాళ్లలాగా గుచ్చి, పొట్టను పురికొసతో కుట్టారు. కళ్లు ఉండాల్సిన చోట రెండు బొక్కలు. బర్రె దాన్ని నాకుతూ నాకుతూ చేపుకు వచ్చింది, పొదుగులోకి పాలు దిగాయి. మా అత్త బకెట్ కిందపెట్టి పితకడం మొదలుపెట్టింది.

"దూడ ఏమైందత్తా?" అని అడిగాను.

"సచ్చింది."

"ఎట్ల?"

"దున్నదూడ. ఇంకెట్ల సస్తది?" అంది, తల ఎత్తకుండానే.

మా పుట్టిల్లు పాపన్నపేట దగ్గర. మాకు వరిపొలం, రెండు ఎడ్లు ఉండేవి. నాన్న ఎడ్లకు మేత వేశాకే తాను అన్నానికి కూర్చునేవాడు. మెదక్‌లో నన్నిచ్చిన ఇల్లు పాల మీద బతికే ఇల్లు. పెయ్యదూడ పుడితే పసుపు, కుంకుమ. దున్నదూడ పుడితే ముఖాలు మాడ్చుకోవడం. చేపు రావడానికి రెండు గుక్కలు చీకనిచ్చి, పలుపు పట్టి ఇవతలికి లాగేవాళ్లు. తర్వాత అది గుంజ దగ్గర నిలబడి అరుస్తూ ఉండేది. కొన్నాళ్లకు అరవడం కూడా మానేసేది. ఎవరూ దాన్ని చంపలేదు. ఈ ఊళ్లో ఎవరిని అడిగినా అదే చెబుతారు, మేం చంపలేదని. పాలు ఇవ్వలేదు, అంతే.

ఆ రోజు మా ఆయన షేర్ ఆటో నడిపి ఇంటికొచ్చాక ఆయన మీద విరుచుకుపడ్డాను.

"నా చిన్నప్పటి సంది గిట్లనే నడుస్తుంది," అన్నాడు ఆయన. "అమ్మతోని పెట్టుకోకు."

పెట్టుకోకుండా ఉండటం నాకు చేతకాలేదు. వానలు మొదలయ్యే రోజుల్లో ఇంకో బర్రె ఈనింది. మళ్లీ దున్నదూడ. మా అత్త పలుపు తీసుకుని వస్తుంటే నేను దూడకు అడ్డంగా నిలబడ్డాను.

"దీన్ని నేను పెంచుకుంటత్తా."

"పెంచుకో. ఎవరొద్దన్నరు? కానీ దాణా పాలిచ్చేటియ్యే. నీ దున్న దిక్కు ఒక్క పిడికెడు తవుడు పోయినా నేనూకోను."

"ఒక చన్ను దానికి ఇడవాలె."

"ఒక చన్నంటే ఒక ఇంటి వాడుక! ఎవరికి బందు పెట్టమంటవ్?"

"నాకు పెట్టుండ్రి. ఇయ్యాల్టి సంది నా చాయల పాలొద్దు. పెరుగొద్దు."

ఆమె నవ్వింది. అత్తగారింటికి వచ్చిన కోడలు ఎన్నాళ్లు నల్ల చాయ తాగుతుందో చూద్దామనుకున్నట్టుంది. నేను తాగాను. దూడ తన చన్ను తాను తాగింది.

వానాకాలమంతా ఏ ఇబ్బందీ లేదు. ఖిల్లా వెనక, చెరువు శికంలో, నీళ్లు చేరని అంచు నేల మీద, పచ్చగడ్డి మోకాలి ఎత్తున పెరిగింది. పాలు మరిచాక దూడ దాని మీదే బతికింది. ఒళ్లు నిగనిగలాడేది. దాన్ని చూసుకుని నాకు గర్వంగా ఉండేది. చలికాలం పోయి ఎండలు ముదిరాక గడ్డి నిలబడ్డ చోటే ఎండి, పీచులా అయింది. దూడ పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా మేస్తూనే ఉంది. పొట్ట డప్పులా ఉంటుంది, వెన్నెముక మాత్రం పైకి పొడుచుకొస్తోంది. ఇంటి గోడకు వేసిన సున్నం నాకేది. ఆరేసిన నా జాకెట్టు నమిలింది. ఒకరోజు చెరువు గట్టున ఏదో ఎముకను నోట్లో పెట్టుకుని కొరుకుతూ కనిపించింది.

"దీనికి దయ్యం పట్టింది," అంది మా అత్త. "తిన్నదంత ఎటు పోతుందో ఏమో!"

పశువుల దవాఖానకు తోలుకుపోయాను. డాక్టరమ్మ అప్పటికే అలసిపోయి ఉంది. అయినా కూర్చోబెట్టి అడిగింది.

"ఏం పెడుతున్నవమ్మా?"

"మేపుతున్న మేడం. పొద్దంత మేస్తనే ఉంటది."

"మేసేది ఎండుగడ్డి గదా? కడుపు నిండుతది గానీ ఒంటికి పట్టదు. గడ్డిని అరగదీసే సూక్ష్మజీవులుంటయి దీని కడుపుల. వాటికి బలం కావాలె. ఆ బలం పచ్చగడ్డిల ఉండె, ఎండినంక పోయింది. రోజూ జర పల్లిచెక్కనో, పత్తిగింజల చెక్కనో, సుబాబుల్ ఆకో పడితే, గదే ఎండుగడ్డి మంచిగ అరుగుతది. గోడలు నాకుతుందంటే ఉప్పు, ఖనిజాలు తక్కువైనట్టు. సర్కారోళ్ల ఖనిజాల పొడి ప్యాకెట్లు పాల సెంటర్ల ఇస్తున్నరు, పోయి అడుగు."

నేను లేచాక మళ్లీ పిలిచింది. "ఎవలో చెప్పిండ్రని యూరియా నీళ్లల కలిపి తాగిపియ్యకు. పానం పోతది."

అక్కడి నుంచి అటే పాల సెంటర్‌కు పోయాను. క్యాన్లతో ఓ పదిమంది వరసలో ఉన్నారు. బల్ల వెనక కూర్చున్న అతను తల ఎత్తకుండానే అడిగాడు.

"మీ బర్రె ఎన్ని లీటర్లిస్తది?"

"బర్రెకు కాదు. దున్నదూడకు."

వరసలో ఎవరో నవ్వారు. అతను కూడా నవ్వాడు. "దున్న పాలు తెచ్చి సెంటర్ల పోస్తవా ఏందమ్మా?"

ఈసారి అందరూ నవ్వారు.

"ఆ దూడ పుట్టకపోతే బర్రె పాలిస్తదా?" అన్నాను. "మీరు గీడ కొలుస్తున్న పాలు ఎట్లొచ్చినయి?"

"నాతోని ఎందుకమ్మా లొల్లి? పాలిచ్చేటియ్యే అని పైనుంచి చెప్పిండ్రు. పక్కకు జరుగు, వెనక లైనుంది."

ఇంటికి వచ్చేదాకా నా కోపం దిగలేదు. పాలు తీసుకోవడానికి దూడ కావాలి, లెక్కలో రాసుకోవడానికి దూడ వద్దు! సర్కారు సొమ్ముతో వచ్చిన పొడిలో కూడా దున్నదూడకు చిటికెడు వాటా లేదు. ఆకలితో పుట్టి, ఆకలితో పోవడానికే అది ఉన్నట్టు ఆ మనిషి అంత హాయిగా ఎలా నవ్వగలిగాడు? వాకిట్లో నిలబడి జరిగిందంతా మా ఆయనకు చెప్పాను. వాడకట్టంతా వినబడేలా చెప్పి ఉంటాను. మా అత్త చాటలో బియ్యం చెరుగుతూ విన్నది.

మర్నాడు ఆమె పాలు పోయడానికి సెంటర్‌కు పోయి, వస్తూ రెండు ప్యాకెట్లు తెచ్చి నా ముందు పడేసింది.

"బర్రెకని చెప్పిన," అంది. "మన ఇంట్ల మనం ఎన్నన్న అనుకుంటం. మా కోడల్ని చూసి నవ్వనీకి వాడెవడు?"

నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. కానీ ఆ పొడిని గంజినీళ్లలో కలుపుతున్నప్పుడు లోపల మంట అలాగే ఉంది. నిజం చెబితే దొరకనిది అబద్ధం చెబితే దొరికింది. అదేం ఏర్పాటు?

పల్లిచెక్క మాత్రం మా అత్త తాళం కిందే ఉండేది. కోడలి కోసం కొట్లాడే మనిషే, దాణా దగ్గరికి వచ్చేసరికి మళ్లీ మామూలు అత్త. అందుకని నేను తుమ్మకాయలు ఏరడం మొదలుపెట్టాను. ఎండాకాలంలో చెరువు శికం నిండా తుమ్మచెట్ల కింద రాలి ఉంటాయి. మేకలోళ్లు రాకముందే తెల్లవారుతుండగా పోయి గంపకెత్తుకునేదాన్ని. కాయల్ని అలాగే వేస్తే గింజలు అరగకుండా పేడలో వస్తాయి. అందుకని రోట్లో వేసి దంచేదాన్ని. రోడ్డు పక్క సుబాబుల్ కొమ్మలు విరుచుకొచ్చేదాన్ని. చేతులంతా ముళ్ల గీతలు. చూసినవాళ్లు అడిగేవాళ్లు, "దున్నపోతు కోసం గింత తిప్పలా?" అని. బర్రె కోసం అయితే ఎవరూ అడిగేవాళ్లు కాదు.

కొన్ని వారాల్లోనే వెన్నెముక లోపలికి పోయింది. గోడలు నాకడం మానేసింది. అదే చెరువు, అదే ఎండుగడ్డి. దానితో పాటు రోజూ ఓ రెండు దోసిళ్ల దంచిన కాయలు, గుప్పెడు ఆకు, చిటికెడు పొడి. ఇంత చిన్న సాయంతో బతికేదాన్ని ఇన్నేళ్లుగా ఇన్ని కొట్టాల్లో ఎండబెట్టి చంపుతున్నారు గదా అని తలుచుకుంటే, సంతోషపడాల్సిన చోట నాకు ఒళ్లు మండిపోయేది.

ఇంకో వానాకాలం, ఇంకో ఎండాకాలం గడిచాయి. అది భుజాలు విరుచుకున్న దున్నపోతు అయింది. నర్సాపూర్ దిక్కు నుంచి బేరగాడు వచ్చాడు. అది ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. పొలం దున్నడానికి ట్రాక్టర్లు ఉన్న రోజుల్లో దున్నపోతును ఎవరు ఎందుకు కొంటారో మెదక్‌లో తెలియనివాళ్లు లేరు. ఎల్లకాలం మేపే స్తోమత మాకు లేదు. దాన్ని కడిగి, కడుపునిండా మేపి, నా చేత్తోనే పలుపు అందించాను. ఏడ్చాను కూడా. అది దాచుకోవలసిన సంగతి కాదు.

సరిగ్గా ఆ సమయంలోనే మా దగ్గర ఎన్నో ఏళ్లుగా పాలు పోయించుకునే పెద్దమనిషి క్యాన్ పట్టుకుని వచ్చాడు. ఉద్యోగం చేసి రిటైరైనవాడు, మెత్తగా మాట్లాడేవాడు. బండి ఎక్కుతున్న దున్నపోతును చూసి ఆగిపోయాడు.

"చేతులార పెంచి కోతకు పంపుతున్నవా అమ్మా? నీకు మనసెట్ల ఒప్పింది? పాపం గాదా?"

రెండేళ్లుగా లోపల ఉన్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది.

"సార్, మీరు మా ఇంట్ల పాలు తాగబట్టి ఎన్నేండ్లాయె?" అన్నాను. "గన్నేండ్లల గీ కొట్టంల ఎన్ని దున్నదూడలు పుట్టినయి? ఎటు పోయినయి? ఒక్కనాడన్న అడిగిండ్రా? పాలు చిక్కగుండాలె అన్నరు. నీళ్లు కలపొద్దన్నరు. దూడకు ఇడిచిండ్రా అని ఎన్నడన్న అడిగిండ్రా?"

"నేననేది అది కాదమ్మా..."

"గదే సార్. గియ్యాల పోయేది రెండేండ్లు కడుపునిండ తిన్నది, చెరువుల పన్నది, ఎండల తిరిగింది. అవన్నీ పుట్టిన నెలకే గుంజకాడ ఆకలికి ఎండి సచ్చినయి. వాటి పాలు మీ ఇంట్ల, మా ఇంట్ల చాయలైనయి. ఆ పాపం ఎవరి లెక్కల రాసుకుందాం, చెప్పుండ్రి."

ఆయన మా అత్త వైపు తిరిగి, "మీ కోడలికి నోరెక్కువైంది," అని ఖాళీ క్యాన్‌తో వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా ఇంటికి రాలేదు.

వాడుక పోయిందని మా అత్త ఆ రోజంతా తిట్టింది. మా ఆయన మాత్రం ఆటో తుడుచుకుంటూ, "అన్నదాంట్ల తప్పేం లేదు, జర మెల్లగ అనుంటే అయిపోతుండె," అన్నాడు.

"మెల్లగంటే ఎవరింటరు?" అన్నాను.

ఆ పెద్దమనిషి ఇప్పుడు మా వెనక వీధిలో పాలు పోయించుకుంటున్నాడు. ఆ ఇంట్లో దున్నదూడలకు ఏమవుతుందో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. క్యాన్ ఊపుకుంటూ మా వాకిలి ముందు నుంచే పోతాడు. నన్ను చూస్తే ఇప్పటికీ ముఖం తిప్పుకుంటాడు. ఆయన దృష్టిలో జాలిలేని మనిషిని నేనే.

ఇప్పుడు మా కొట్టంలో రెండు దున్నదూడలు పెరుగుతున్నాయి. మా అత్త ఒక చన్ను విడుస్తుంది. దూడ మీద ప్రేమతో కాదు, పెరిగాక ధర పలుకుతుందని. నాకు అది చాలు. ప్రేమ లేకపోయినా ఫర్వాలేదు, కడుపు నిండితే అదే పదివేలు.

మొన్న ఎండల్లో రోడ్డు మీద ఒక దున్నదూడ దొరికింది. కరెంటు స్తంభానికి కట్టేసి ఉంది. బొడ్డు ఇంకా పూర్తిగా ఎండలేదు. ముందర చారెడు ఎండుగడ్డి వేసి పోయారు, పాలు తాగే వయసు దూడకు! మా ఆయన ఆటోలో ఎక్కించుకొచ్చాడు. సీసాతో పాలు పట్టాను. డాక్టరమ్మ ఇంటికే వచ్చి సెలైన్ పెట్టింది. మా అత్త ఎవరూ అడగకుండానే గోనెసంచి తెచ్చి కప్పింది. అయినా దక్కలేదు. "ముర్రుపాలు కూడ తాగనిచ్చినట్టు లేరు," అంది డాక్టరమ్మ, సూది తీస్తూ.

మా ఆయన గుంత తవ్వి పూడ్చాడు. నేను చేతులు కడుక్కోకుండానే బయలుదేరాను. ఆ స్తంభానికి ఎదురుగా ఉన్న ఇంట్లో నాలుగు పాడిబర్రెలు ఉన్నాయి. అందులో ఒకటి కొత్తగా ఈనిందని చుట్టుపక్కల అందరికీ తెలుసు. గేటు కొడితే ఇంటాయన వచ్చాడు.

"మీ దూడ సచ్చిపోయింది," అన్నాను.

"మాది కాదమ్మా."

"మరి మీ బర్రె కింద దూడ ఏది? చూపియ్యి."

"ఇంటి మీదికొచ్చి ఏం పంచాయితీ ఇది? పో, పో," అని గేటు వేసుకున్నాడు.

లోపల కొట్టంలో బర్రె అరుస్తోంది. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. వాళ్లను చూడనిచ్చాను. గేటు మళ్లీ కొట్టాను.