చెవికందని చప్పుడు

పుంగనూరులో మా ఇంజనీరు సారు పోయారు. మొన్న ఉదయం ఆయన భార్య, మేమంతా అమ్మగారని పిలిచే ఆవిడ, ఫోన్ చేసి చెప్పారు. కుప్పం దగ్గర గ్రానైటు కోసే ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు ఆయన కింద పనిచేశాను.

తొంభైల చివర్లో సారు బెంగళూరు నుంచి ఒక పరికరం తెప్పించారు. టార్చిలైటంత ఉండేది. ముందు ఇనుప పుల్ల, వెనక హెడ్‌ఫోను. బేరింగు చెడడం మొదలైతే, వేడెక్కకముందే, మనుషులకు వినబడనంత సన్నటి చప్పుడు చేస్తుందట. దాన్ని ఈ పరికరం మన చెవికి అందేలా మార్చి వినిపిస్తుంది. వచ్చిన రోజు యంత్రాలకే కాదు, సైకిలు ట్యూబుకూ, తన చేతి గడియారానికీ ఆనించి చూశారు. "ఇది గూడా మాట్లాడతాండాదప్పా!" అంటూ అందరినీ పిలిచి వినిపించారు.

ఓసారి పెద్ద రంపం బేరింగు దగ్గర బుస్సుమని వినబడితే యంత్రం ఆపించారు. విప్పి చూస్తే బేరింగు కొత్తదానిలా ఉంది. లోడు పోవాల్సిన రోజు కావడంతో ఓనరు మండిపడ్డాడు. "నేనే తప్పు విన్న్యాను. ఆ చప్పుడు యాడిదో కనుక్కుంటా," అన్నారు సారు. సాయంత్రానికి దొరికింది. పక్కనున్న గాలి పైపులో కంటికి ఆనని చిల్లు. సబ్బునురగ పూస్తే బుడగలొచ్చాయి. పొద్దున తిన్న చీవాట్లు మరిచిపోయి ఆ బుడగలనే చూస్తూ కూర్చున్నారు.

కొన్ని నెలలకు అదే రంపం దగ్గర మళ్లీ చప్పుడు. ఈసారి ముందు గాలి కట్టేయించి విన్నారు. అయినా పోలేదు. పేలాలు వేగుతున్నట్టు చిటపట. ఆపాలన్నారు.

"మళ్లీనా సారూ? పోయినసారి సూసినాం గదా," అన్నాడు ఓనరు.

సారు హెడ్‌ఫోను ఓనరు తలకు పెట్టి, మొదట మంచి బేరింగును, తర్వాత దీన్ని వినిపించారు. "మీరే చెప్పండప్పా, రెండూ ఒకటేనా?"

ఓనరు కాసేపు విన్నాడు. రంపం పక్కన నిలబడి పనిచేస్తున్న మనిషి వైపు చూశాడు. "ఆపండి," అన్నాడు.

విప్పితే లోపల గుండ్లను పట్టి ఉంచే రింగు విరిగి ఉంది. ఇంకాసేపు తిరిగుంటే రంపం ఊడి పక్కనున్న మనిషి మీదికొచ్చేది. సారు మాత్రం ఆ ముక్కలను అరచేతిలో తిప్పుతూ, "ఇన్నాళ్లూ ఎట్ల తిరిగినావే నువ్వు!" అని దాన్నే అడిగారు.

ఆయన రిటైరైనప్పుడు ఆ పాత పరికరాన్ని ఆయనకే ఇచ్చాం. తర్వాతెప్పుడో మదనపల్లె వెళ్తూ పుంగనూరులో దిగాను. పొద్దుగూకే వేళ దంపతులిద్దరూ మిద్దె మీద ఉన్నారు. హెడ్‌ఫోను అమ్మగారి తలకుంది. సారు ఇనుప పుల్ల ఊడదీసిన పరికరాన్ని ఆకాశం వైపు పట్టుకున్నారు. పైన గబ్బిలాలు తిరుగుతున్నాయి. హెడ్‌ఫోను లేని నాకు వాటి కూతేమీ వినబడలేదు. అమ్మగారు కళ్లు పెద్దవి చేసి, "ఇంత గలాటా దినామూ మన నెత్తిమీదేనా?" అన్నారు.

సారు ఎగిరే వాటి వెంట చెయ్యి తిప్పుతూనే ఉన్నారు.